స్క్రూ కింద వైరు కొస

గీజరు ప్లగ్గు దగ్గర తెల్ల ప్లాస్టిక్ గోధుమ రంగుకు తిరుగుతుంది. ఏసీ వేసినప్పుడల్లా హాల్లో లైటు ఒక్క క్షణం మిణుకుమంటుంది. స్విచ్ బోర్డులోంచి కాలిన వాసన వస్తుంది. వీటన్నిటికీ మన ఇళ్లలో చెప్పుకునే కారణం ఒకటే: లూజ్ కాంటాక్ట్. ఎలక్ట్రీషియన్ వచ్చి కాలిన కొస కత్తిరించి, కొత్త కొస పెట్టి, స్క్రూ బిగించి వెళ్తాడు. కొన్ని నెలలకు అదే చోట మళ్లీ అదే రంగు. అసలు వదులు ఎందుకైందన్నది మాత్రం ఎవరూ అడగరు. చాలాసార్లు స్క్రూ తిరిగి వదులు కాదు. స్క్రూ ఉన్నచోటే ఉంటుంది. దాని కింద వైరు పోగులు పక్కకు జరిగి, నలిగి, సర్దుకోవడంతో పట్టు పోతుంది.

కాబట్టి తేల్చుకోవలసింది ఆ కొస సంగతి. సన్నని పోగులు చాలా ఉన్న రాగి వైరును స్క్రూ టెర్మినల్‌లో పెట్టే ముందు కొసను ఏం చేయాలి? పురి తిప్పితే చాలనేవారున్నారు, రెండుగా మడవమనేవారున్నారు, టంకం వేస్తేనే గట్టి పని అని నమ్మేవారున్నారు, కొసకు ఫెరూల్ అనే చిన్న గొట్టం తొడగనిదే పని పూర్తి కాదనే ప్యానెల్ షాపుల వాళ్లున్నారు. నలుగురి వాదనలోనూ కొంత నిజం ఉంది. ఎవరిది ఏ టెర్మినల్‌కు నిజమో విడదీసి చూడకపోవడం వల్లే ఈ చర్చ తెగడం లేదు.

ముందు స్క్రూ కింద ఏం జరుగుతుందో చూద్దాం. రెండు లోహాలు ఒకదాన్నొకటి తాకినప్పుడు కంటికి మొత్తం ఉపరితలం తాకినట్టే కనిపిస్తుంది. నిజానికి ఎత్తుగా ఉన్న అతి సూక్ష్మమైన కొన్ని బిందువుల దగ్గరే అవి కలుస్తాయి. కరెంటంతా ఆ బిందువుల గుండానే ఇరుక్కుని పోవాలి. విద్యుత్ కాంటాక్టుల శాస్త్రానికి పునాది వేసిన రాగ్నర్ హోమ్ తన జీవితకాలపు పనితో స్థిరపరచిన విషయం ఇదే. ఒత్తిడి పెరిగితే ఆ బిందువులు నలిగి పెద్దవవుతాయి, నిరోధం తగ్గుతుంది. ఒత్తిడి తగ్గితే బిందువులు తగ్గుతాయి, మధ్యలోకి గాలి చేరుతుంది, ఆక్సైడు పొర కడుతుంది, నిరోధం పెరుగుతుంది, వేడి పుడుతుంది. ఆ వేడికి లోహం వ్యాకోచించి, చల్లారినప్పుడు సంకోచించి పట్టు ఇంకాస్త పోతుంది. ఒకసారి మొదలైతే దానంతట అది పెరుగుతూ పోయే వ్యవహారం ఇది.

లెక్క వేస్తే తీవ్రత తెలుస్తుంది. 3 కిలోవాట్ల గీజరు 230 వోల్టుల మీద దాదాపు 13 ఆంపియర్లు తీసుకుంటుంది. సాకెట్ స్క్రూ దగ్గర ఒక ఓములో పదో వంతు నిరోధం ఏర్పడిందనుకుందాం. 13ను 13తో గుణించి, దాన్ని పదో వంతు చేస్తే దాదాపు 17 వాట్లు. చిన్న సాల్డరింగ్ ఐరన్‌ను వెలిగించి మూసిన ప్లాస్టిక్ డబ్బాలో పెట్టినట్టే. ఇంత జరుగుతున్నా ఎంసీబీకి ఏమీ తెలియదు, ఎందుకంటే కరెంటు పెరగలేదు. ఆర్‌సీసీబీకీ తెలియదు, ఎందుకంటే ఎర్త్‌లోకి ఏమీ లీక్ కాలేదు. ఇంట్లో మనం డబ్బు పెట్టి కొనుక్కున్న రక్షణ పరికరాలు రెండూ ఈ ఒక్క లోపం దగ్గర గుడ్డివి. కొస ముగింపును చిన్న విషయంగా తీసుకోలేకపోవడానికి నాకున్న ప్రధాన కారణం ఇదే.

ఈ ప్రశ్న మన దగ్గర ఇప్పుడు పదునెక్కడానికి మరో కారణం, వైరు మారింది. పాత తరం మేస్త్రీలు ఇప్పటికీ 1/18, 3/22, 3/20, 7/20 అనే లెక్కలోనే మాట్లాడతారు. మొదటి అంకె పోగుల సంఖ్య, రెండోది గేజీ. అంటే ఇంటి వైరులో ఒకటో, మూడో, ఏడో లావుపాటి పోగులుండేవి. స్క్రూ మొన వాటిమీద పడితే అవి నిలిచేవి. ఇప్పుడు దుకాణంలో కొనే 90 మీటర్ల ఎఫ్ఆర్ కాయిల్స్‌లో ఎక్కువగా ఉండేది ఐదో తరగతి కండక్టరు, అంటే మెత్తగా వంగే సన్నపోగుల వైరు. 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరులో ఒక్కో పోగు వ్యాసం 0.26 మిల్లీమీటర్లు దాటకూడదు, 0.25 మిల్లీమీటర్ల పోగులు వేస్తే దాదాపు యాభై పడతాయి. పైపులో లాగడానికి ఇది ఎంతో సుఖం. కానీ చాలా స్విచ్చుల్లో, సాకెట్లలో టెర్మినల్ మాత్రం పాత పద్ధతిదే: ఇత్తడి దిమ్మెకు ఒక రంధ్రం, పైనుంచి నేరుగా దిగే స్క్రూ. దీన్నే పిల్లర్ టెర్మినల్ అంటారు. తిరుగుతూ దిగే ఆ మొన కింద సన్నపోగులు కొన్ని తెగుతాయి, కొన్ని రెండు పక్కలకూ చెదురుతాయి. లావుపోగులకు సరిపోయిన టెర్మినల్‌ను, దానితోపాటు చేతి అలవాటును కూడా, సన్నపోగులకు అలాగే వాడుతున్నాం.

పొర ఒలవడం గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు, కానీ వదిలేయడానికీ లేదు. బ్లేడుతోనో కటింగ్ ప్లేయర్‌తోనో చుట్టూ గాటు పెట్టి లాగితే నాలుగైదు పోగులు పొరతో పాటే వచ్చేస్తాయి. యాభైలో పది పోతే 2.5 వైరు ఆ ఒక్క చోట 2 అయిపోతుంది. పూర్తిగా తెగిన పోగు కనిపిస్తుంది. సగం గాటుపడినది కనిపించదు, తర్వాత వంపు దగ్గర తెగుతుంది. సైజుల వారీగా గాళ్లున్న స్ట్రిప్పర్ వాడితే ఈ బాధ ఉండదు. ఆ తర్వాత ఏ పద్ధతి పాటించినా దాని ఫలితం ఇక్కడే సగం తేలిపోతుంది.

పురి తిప్పడం అందరికీ తెలిసిన పద్ధతి. పోగులు ఫ్యాక్టరీలో ఏ దిశలో అల్లి ఉన్నాయో ఆ దిశలోనే కాస్త తిప్పితే కొస చెదరకుండా రంధ్రంలోకి వెళ్తుంది. దాని మేలు అంతవరకే. పురి వల్ల పోగుల మధ్య ఖాళీలు పోవు, స్క్రూ మొన కింద అవి జరగకుండా ఆగవు. గట్టిగా మెలితిప్పితే ఒకదాని మీదొకటి అడ్డంగా పడి ఒత్తిడి కొన్నిటి మీదే పడుతుంది. స్క్రూకు, పోగులకు మధ్య చిన్న పట్టీ అడ్డుగా ఉన్న టెర్మినల్ అయితే ఇది చాలు. పంజరంలా పైకి లేచి వైరును పట్టుకునే ఎంసీబీ టెర్మినళ్లు ఆ కోవలోవే.

మడత పద్ధతిని కొందరు చులకన చేస్తారు. నాకది అన్యాయం అనిపిస్తుంది. 6 చదరపు మిల్లీమీటర్ల వైరు పట్టే రంధ్రంలో 1.5 వైరు ఒంటరిగా పెడితే స్క్రూ మొన దాని పక్కనుంచి జారిపోవచ్చు. కొసను వెనక్కి మడిచి రెట్టింపు లావు చేసి పెడితే రంధ్రం నిండుతుంది, స్క్రూకు పట్టు దొరుకుతుంది. అయితే మడత మొత్తం రంధ్రంలోనే ఉండాలి, బయట ఒక్క పోగు కూడా మిగలకూడదు. ఖాళీ ఎక్కువున్న పాత పిల్లర్ టెర్మినల్‌కు ఇది తగిన పరిష్కారమే. ఇరుకు రంధ్రంలోకి కుక్కితే మాత్రం ఉన్న పోగులే తెగుతాయి.

ఇక టంకం. దీని మీద అభిమానం ఊరికే పుట్టలేదు. పాతకాలపు రబ్బరు తొడుగు వైర్లలో రబ్బరును గట్టిపరచడానికి వాడిన గంధకం రాగిని తినేసేది. అందుకే ఆ రాగి పోగులకు ఫ్యాక్టరీలోనే తగరం పూత వేసేవారు. తెల్లగా మెరిసే కొస అంటే మంచి వైరు అనే భావన అప్పటిది. ఆ తర్వాత రేడియో మెకానిక్కుల తరం వచ్చింది. వాళ్లకు టంకం లేని జాయింటు జాయింటే కాదు. సర్క్యూట్ బోర్డు మీద అది ముమ్మాటికీ నిజం. అదే నమ్మకం స్క్రూ టెర్మినల్ దగ్గరకు వచ్చేసరికి తప్పు అవుతుంది.

కారణం లోహ స్వభావంలోనే ఉంది. 60 పాళ్లు తగరం, 40 పాళ్లు సీసం కలిసిన మామూలు టంకం 183 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరగడం మొదలవుతుంది, అంటే పరమ ఉష్ణమానంలో 456. మన ఇంట్లో మామూలు 30 డిగ్రీలు పరమ మానంలో 303. అంటే టంకం గది వేడిలోనే తన కరిగే స్థాయిలో మూడింట రెండు వంతుల దగ్గర ఉంటుంది. రెంటచింతల, రామగుండం వేసవిలో 45 డిగ్రీలకు అది 70 శాతానికి చేరుతుంది. కరిగే స్థాయిలో సగం దాటిన లోహం ఒత్తిడి కింద నెమ్మదిగా, నిరంతరంగా సాగుతుంది. రాగి 1085 డిగ్రీల దగ్గర గానీ కరగదు కాబట్టి అదే గదిలో అది ఇరవై రెండు శాతం దగ్గరే ఉంటుంది; దానికి సాగుడు దాదాపు లేనట్టే. టంకం వేసిన కొసను ఇవాళ ఎంత గట్టిగా బిగించినా, స్క్రూ కింద టంకం పక్కకు పారుతూ పోతుంది. బిగించిన రోజు తనిఖీ చేస్తే అద్భుతంగా ఉంటుంది. వారాలు, నెలలు గడిచాక పట్టు ఉండదు. సీసం లేని కొత్త టంకాలు 217 డిగ్రీల పైన కరుగుతాయి. కొంత మేలే గానీ స్వభావం మారదు.

దీనికి తోడు ఇంకో దెబ్బ ఉంది. కరిగిన టంకం పోగుల మధ్య సందుల్లోంచి పొర లోపలికి పాకుతుంది. టంకం పట్టిన భాగం కడ్డీలా బిగుస్తుంది, తర్వాతి భాగం మెత్తగానే ఉంటుంది. వైరు కదిలిన ప్రతిసారీ వంపంతా ఆ సరిహద్దు మీదే పడుతుంది, పోగులు అక్కడే తెగుతాయి. మిక్సీ, ఇస్త్రీపెట్టె వంటి కదిలే వస్తువుల తీగల్లో ఇది మరీ ఎక్కువ.

ప్రమాణ పత్రాలు ఈ విషయంలో అరుదైన ఏకాభిప్రాయంతో ఉన్నాయి. గృహోపకరణాల భద్రత ప్రమాణం ఐఈసీ 60335-1, ఒత్తిడి పడే చోట పోగుల కొసను టంకంతో గట్టిపరచవద్దంటుంది. టంకం సాగినా పట్టు పోని ఏర్పాటు ఉంటే మాత్రమే మినహాయింపు. స్ప్రింగు టెర్మినల్ అలాంటి ఏర్పాటే, ఎందుకంటే టంకం తగ్గినకొద్దీ స్ప్రింగు వెంటబడి నొక్కుతుంది. పోగులు చెదరకుండా చిట్టచివర మాత్రమే చుక్క టంకం వేయడాన్ని కూడా అది ఒప్పుకుంటుంది. బ్రిటన్ వైరింగ్ నిబంధనలు బీఎస్ 7671 లోని 526.9 ఇంకా సూటిగా ఉంది: స్క్రూ టెర్మినల్ వాడితే కొస మొత్తానికి టంకం వేయడం నిషిద్ధం. నాసా పనితన ప్రమాణాలు టంకం వేసిన పోగుల వైరును క్రింప్ చేయనివ్వవు, అంటే లోహపు గొట్టంలో పెట్టి నొక్కి బిగించనివ్వవు. అక్కడ కూడా భయం ఈ సాగుడు గురించే. ఇంతమంది ఒకే మాట చెబుతున్నా టంకం పోలేదు. ఇళ్లలో వాడే చవక త్రీడీ ప్రింటర్లు వచ్చిన తొలి ఏళ్లలో, వేడెక్కే పళ్లేనికి వెళ్లే తీగలకు ఫ్యాక్టరీలోనే టంకం వేసి స్క్రూ కింద బిగించి అమ్మారు. ఆ కనెక్టర్లు కరిగి మాడిపోవడం వాటి యజమానులకు బాగా తెలిసిన సమస్య అయింది.

ఒక తేడా గుర్తుంచుకోవాలి. ఒక్కో పోగుకు ఫ్యాక్టరీలో వేసే తగరం పూత అతి పలుచన, మైక్రాన్లలో ఉంటుంది. అది తుప్పును ఆపుతుంది, పారేటంత లోహం అందులో ఉండదు. విశాఖ, కాకినాడ, బందరు వంటి ఉప్పుగాలి ఊళ్లలో రాగి పోగులు పచ్చబడతాయి కాబట్టి అక్కడ అలాంటి పూత వైరు మేలే. అందులో దోషం లేదు, దోషమంతా కొసను కరిగిన టంకంలో ముంచడంలోనే.

ఫెరూల్ దగ్గరకు వద్దాం. తగరం పూత ఉన్న పలుచని రాగి గొట్టం, ఒక చివర రంగు ప్లాస్టిక్ గరాటు. ఒలిచిన పోగులను పురి తిప్పకుండా అందులోకి పంపి, క్రింపింగ్ టూల్‌తో నొక్కుతారు. మంచి క్రింప్‌లో పోగులు ఒకదాన్నొకటి నొక్కుకుని ఖాళీలు పోతాయి, గాలి లోపలికి వెళ్లే దారి మూసుకుంటుంది. తర్వాత స్క్రూ మొన పోగుల మీద కాకుండా గొట్టం మీద పడుతుంది. తెగేది, చెదిరేది ఏమీ ఉండదు. బోర్డు మళ్లీ విప్పినా కొస చెక్కుచెదరకుండా బయటికొస్తుంది. కొలతలు, రంగులు జర్మన్ ప్రమాణం డిన్ 46228 చెబుతుంది. 1 చదరపు మిల్లీమీటరుకు ఎరుపు, 1.5కు నలుపు, 2.5కు నీలం, 4కు బూడిద, 6కు పసుపు. ఫ్రెంచి వరుస వేరు, అందులో 2.5 బూడిద రంగు, 4 నారింజ. ప్యాకెట్లు కలిసిపోయిన డబ్బాలోంచి రంగు చూసి తీసుకుంటే 4కు చేసినది 2.5 వైరుకు తొడిగే ప్రమాదం ఉంది, కాబట్టి మీద రాసిన సైజు చూడాలి. మన ప్యానెల్ షాపుల్లో వైరు నంబరు గొట్టాన్ని కూడా ఫెరూల్ అనే అంటారు గనుక దుకాణంలో బూట్‌లేస్ ఫెరూల్ అని అడగడం మంచిది.

అయితే ఫెరూల్ పక్షం వాళ్లు చెప్పని సంగతి ఒకటుంది. ఫెరూల్ తొడిగితే ఉన్న ఒక్క కాంటాక్టు రెండవుతుంది: పోగులకు గొట్టానికి మధ్య ఒకటి, గొట్టానికి టెర్మినల్‌కు మధ్య ఇంకొకటి. మొదటిది చెడితే పైనుంచి ఎంత బిగించినా లాభం లేదు. కటింగ్ ప్లేయర్‌తో చప్పగా నొక్కిన ఫెరూల్ కంటే, పట్టీ ఉన్న టెర్మినల్‌లో శుభ్రంగా పెట్టిన వట్టి పోగుల కొస నయం. పూర్తిగా నొక్కేదాకా తెరుచుకోని రాచెట్ టూల్ ఉంటేనే ఫెరూల్‌కు విలువ. నాలుగు పక్కల నుంచీ చదరంగా నొక్కే టూళ్లు ఒకే దవడతో చాలా సైజులకు పనికొస్తాయి. ఇంటి పనికి అలాంటిది ఒకటి చాలు. పేరున్న టెర్మినల్ కంపెనీలు తమ పట్టీ టెర్మినళ్లకు, స్ప్రింగు టెర్మినళ్లకు ఫెరూల్ తప్పనిసరి కాదనే చెబుతాయి. 1977లో వాగో సంస్థ తెచ్చిన కేజ్ క్లాంప్ మొదలు, స్ప్రింగు టెర్మినళ్ల ప్రత్యేకతే అది: వట్టి పోగులనైనా స్ప్రింగు వదలదు, సర్దుకున్నా వెంటబడి నొక్కుతుంది. సమస్య ఎప్పుడూ స్క్రూతోనే. స్క్రూకు వెంటబడే గుణం లేదు.

మన స్విచ్ బోర్డుల్లో అన్నిటికన్నా ఎక్కువ కొసలు చెడేది లూపింగ్ దగ్గరని నా అభిప్రాయం. ఒక స్విచ్ నుంచి పక్క స్విచ్చుకు ఫేజు లాగుతూ ఒక్కో రంధ్రంలో రెండేసి, మూడేసి వైర్లు కుక్కుతారు. అందులో ఒకటి 4, ఇంకొకటి 1.5 అయితే స్క్రూ లావుదాని మీద ఆగిపోతుంది, సన్నది పక్కన ఊరికే నిలబడుతుంది. బిగించినవాడి చేతికి గట్టిగానే తగులుతుంది. సన్న వైరు లాగి చూస్తే ఊడి వస్తుంది. రెండు వైర్లు కలిపి తొడిగే జంట ఫెరూళ్లు ఉన్నాయి, అవీ ఒకే సైజు వైర్లకే. సైజులు వేరైనప్పుడు వేర్వేరు రంధ్రాలు తప్ప దారి లేదు. డిస్ట్రిబ్యూషన్ బోర్డు (డీబీ)లోని న్యూట్రల్ లింక్‌లోనూ ఇంతే. మూడు ఫేజుల సప్లై ఉన్న ఇంట్లో ప్రధాన న్యూట్రల్ కొస వదులైతే ఒక ఫేజు మీద వోల్టేజి 230 దాటి 400 వైపు పాకుతుంది, ఆ ఫేజు మీది టీవీ, ఫ్రిజ్ కాలిపోతాయి. ఇంట్లో ఒక్క కొసకే శ్రద్ధ పెట్టగలిగితే నేను ఆ న్యూట్రల్ కొసనే ఎంచుకుంటాను.

బిగింపు ఎంత అన్నదానికి కూడా లెక్క ఉంది. ఎంసీబీ పక్కనో కాగితం మీదో న్యూటన్ మీటర్లలో రాసి ఉంటుంది; ఇళ్ల సైజుల్లో తరచు 2 నుంచి 3.5 మధ్య. అమెరికా వైరింగ్ కోడ్ 2017 నుంచి, తయారీదారు అంకె ఇచ్చిన చోట కొలిచే పనిముట్టుతోనే బిగించాలని నియమం పెట్టింది. మన దగ్గర టెస్టర్‌తోనే స్క్రూ బిగించే అలవాటు బలంగా ఉంది. టెస్టర్ సన్నపు పిడితో ఆ బిగువు రాదు. ఇంకో పక్క, తనిఖీ పేరుతో ఏటా మళ్లీ మళ్లీ బిగిస్తూ పోతే పోగులు తెగుతాయి. పట్టు పరీక్షకు తేలికైన మార్గం వైరును లాగి చూడడమే. ఐఈసీ 60999-1 పరీక్షలో 1.5 వైరును 40 న్యూటన్లతో, 2.5 వైరును 50 న్యూటన్లతో, అంటే సుమారు ఐదు కిలోల బరువుతో నిమిషం సేపు లాగుతారు. అంతకు ముందే కింద బరువు కట్టి 15 నిమిషాలు గుండ్రంగా తిప్పుతారు. చేత్తో గట్టిగా లాగితే దానికి దగ్గరగానే ఉంటుంది.

పొలాల్లో కథ వేరు. బోరు మోటారు స్టార్టర్‌లో టెర్మినల్ రంధ్రం కాదు, వాషరు కింద బిగించే తల స్క్రూ. దానికి ఫెరూల్ కుదరదు; రింగ్ లగ్గు గానీ ఫోర్క్ లగ్గు గానీ వేయాలి. చాలా చోట్ల ఫ్లాట్ కేబుల్ పోగులను వేలితో చుట్టి వాషరు కింద నొక్కేస్తారు. మోటారు ఆన్ అయిన ప్రతిసారీ స్టార్టర్ అదిరి, పోగులు ఒక్కొక్కటే బయటికి జారుతాయి. మూడు ఫేజుల కొసల్లో ఒకటి తెగితే మోటారు రెండు ఫేజుల మీద లాగుతూ ఒకటిన్నర రెట్లకు పైగా కరెంటు తీసుకుంటుంది, సింగిల్ ఫేజింగ్ నివారిణి లేకపోతే వైండింగ్ మాడుతుంది. ఒక్క లగ్గు మిగిల్చుకున్నందుకు రైతు కట్టే మూల్యం బోరులోంచి మోటారు పైకి తీయించడం, మళ్లీ చుట్టించడం, ఆ రోజుల్లో ఎండిపోయే పైరు. స్తంభం నుంచి వచ్చే అల్యూమినియం తీగను నేరుగా రాగితో కలిపి మెలివేయడం ఇంకో పెద్ద జబ్బు. రెండు లోహాలకూ తగిన లగ్గులు వేరే ఉన్నాయి.

ఐటీఐ ఎలక్ట్రీషియన్ కోర్సులో రాట్ టెయిల్, మ్యారీడ్, బ్రిటానియా, వెస్టర్న్ యూనియన్ జాయింట్లు ఇప్పటికీ చేతులు నొప్పెట్టేలా సాధన చేయిస్తారు. ఆ సాధన మంచిదే. కానీ బయటికొచ్చిన కుర్రవాడు ఒక ఇంటిలో వేసే జాయింట్లు పది అయితే, స్క్రూ కింద పెట్టే కొసలు వందల్లో ఉంటాయి. అతనికి రాచెట్ టూలు, మూడు సైజుల ఫెరూళ్లు చేతికిచ్చి, క్రింప్‌ను కోసి లోపల పోగులు ఎలా కూర్చున్నాయో చూపించే పాఠం రావాలి. ఇల్లు కట్టించేవాళ్లు కూడా వైరు బ్రాండు గురించి అడిగినంత గట్టిగా కొసల గురించి అడగాలి. గీజరు, ఏసీ, కిచెన్ సాకెట్లు, డీబీలోని ప్రతి కొస, ఇన్వర్టర్ కనెక్షన్లు: వీటికి ఫెరూల్ లేదా లగ్గు అని పని ఒప్పందంలోనే రాయించుకోవచ్చు. మొత్తం వైరు ఖర్చులో ఇది లెక్కలోకి రాని మొత్తం.

తయారీదారుల వైపు కూడా ఒక బాకీ ఉంది. సన్నపోగుల వైరే మార్కెట్‌ను ఏలుతున్నప్పుడు, నేరుగా దిగే స్క్రూ మొన ఉన్న సాకెట్‌ను 16 ఆంపియర్లకు అమ్ముతూ పెట్టె మీద ఆ వైరు గురించి ఒక్క మాట రాయకపోవడం సరికాదు. పట్టీ ఉన్న టెర్మినల్ ఇవ్వాలి. లేదా ఎన్ని మిల్లీమీటర్లు ఒలవాలో, ఏ సైజు ఫెరూల్ పడుతుందో, ఎంత బిగువు కావాలో, ఆ మూడు అంకెలూ తెలుగులో కూడా సాకెట్ వెనకే అచ్చువేయాలి.